గింజ అన్న ఒక్క మాట

“కొరికింది నువ్వే కదక్కా. నోట్లో వేసుకుని కొరికి, టక్‌మంది, లోపల పెట్టండి అన్నది నువ్వే. ఇప్పుడు చచ్చిపోయిందంటే నేను ఏ ముఖం పెట్టుకుని బయటికి వెళ్ళాలి?”

“నా ముఖం పెట్టుకుని నేను వెళ్తాలే. నీ ముఖం ఇంట్లో దాచుకో.”

“వెటకారం వద్దు. ఊరంతా నిన్ను నమ్మి విత్తనం ఇక్కడ పెట్టింది.”

“అందుకే చెప్పాలంటున్నాను.”

గిడ్డంగి వెనక గోడ పక్కన వ్యాను ఆపి టైర్లలో గాలి చూసుకుంటున్నాను. గోడ పైభాగంలో గాలి కోసం వదిలిన కంతలున్నాయి. లోపల గుసగుసలాడినా బయట నిలబడ్డవాడికి ఉపన్యాసంలా వినిపిస్తుంది. ఆ అక్కాతమ్ముళ్ళ తగువు నాకు కొత్త కాదు. వాళ్ళు తగువులాడని రోజున ఇద్దరిలో ఒకరికి జ్వరం అనుకోవాలి. కానీ ఆ పొద్దున గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. అది మాత్రం కొత్త.

సంగతి ఇది. ఊళ్ళో నూటపన్నెండు కుటుంబాలు వచ్చే పంటకి దాచుకున్న మొక్కజొన్న విత్తనం ఆ గిడ్డంగిలో ఉంది. వానలకి ఇంకా ఇరవై అయిదు రోజులు. విత్తనంలో సగానికి పైగా మొలవదని ఆ అక్కకి, అంటే పెద్దమ్మకి, ఆ పొద్దునే తెలిసింది. పైకి చెప్పొద్దని, విత్తేటప్పుడు గుంటకి నాలుగేసి గింజలు ఎక్కువ వేసుకోమని ఊరుకుందామని తమ్ముడి వాదన. అతను రైతు సంఘం కార్యదర్శి. “చెప్పామంటే విత్తనం ఒక్కటే కాదక్కా, తిండి మూటలు కూడా మోసుకుపోతారు. మళ్ళీ ఇంటి అటక, మళ్ళీ పురుగు, మళ్ళీ బూజు. తొమ్మిదేళ్ళు నువ్వు కట్టింది ఒక్క పూటలో కూలిపోతుంది,” అన్నాడు. అందులో అబద్ధం లేదు. చిక్కల్లా అక్కడే ఉంది.

పెద్దమ్మ అంటే నాకు వరసకి పెద్దమ్మ. ఆ వరస ఎటు నుంచి వచ్చిందో మా అమ్మ కూడా చెప్పలేదు. ఊరంతా ఆవిడని టక్కు పెద్దమ్మ అంటారు. టక్కు అంటే మోసం అనుకునేరు. కొరికినప్పుడు వచ్చే చప్పుడు అది. గిడ్డంగి గుమ్మంలో పొట్టి స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మూట రాగానే మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీస్తుంది. అందులో ఒక గింజ పక్క పంటి కింద పెడుతుంది. టక్‌మని రెండు ముక్కలైతే మూట లోపలికి. పన్ను దిగబడి కచ్‌మంటే మూట ఇంటికి. బతిమాలుకోవడాలు లేవు, బంధుత్వాలు లేవు. సొంత అల్లుడి మూటని మూడుసార్లు వెనక్కి పంపింది. కూతురు నెల రోజులు మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని పెదనాన్న సంతోషించాడు.

పెదనాన్న ఆవిడ భర్త. గిడ్డంగి వసారాలో కూర్చుని చిరిగిన గోనె సంచులు కుడతాడు. ఆయన చేతిలో దబ్బనం, నోట్లో మాట, రెండూ ఆగవు. పెద్దమ్మ ఆ స్టూలు మీదికి ఎలా వచ్చిందో నాకు చెప్పింది ఆయనే.

వాళ్ళ పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పటి మాట. ఆ ఏడు పంట బాగా పండింది. ఇది గుర్తు పెట్టుకోవాలి. కండెలు మోకాలంత పొడుగని పెదనాన్న అంటాడు, ఆయన మోకాలి సంగతి ఏమో గానీ పంట మాత్రం పండింది. కోసే వారంలో ముసురు పట్టింది. సగం పచ్చిగా ఒలిచి మూటలు కట్టి వెనక గదిలో పేర్చారు. రెండు నెలలకి పెద్దమ్మ మూటలో చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒంటిలా కాలింది. మూతి విప్పితే పచ్చటి బూజు పొగలా లేచింది. మూడు మూటలకి ఒకటి పారబోశారు. మిగతాది కడిగి, ఆరబెట్టి, చేదుగా ఉన్నా తిన్నారు. చిన్నపిల్ల తిన్నది తిన్నట్టు కక్కేసేది. నాలుగో నెలకి అదీ అయిపోయింది. పెదనాన్న రాళ్ళ క్వారీకి వెళ్ళాడు. ఇంట్లో రోజుకి ఒక పూట పొయ్యి వెలిగేది. ఊళ్ళో ప్రతి ఇంటిదీ అదే కథ. నిలవ ఉండదన్న భయంతో కొందరు కోత కాగానే వచ్చినకాడికి అమ్మేసి, తర్వాత అదే గింజని అదే షావుకారు కొట్టు ముందు వరసలో నిలబడి కొనుక్కున్నారు.

నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేశాను. మొదటి ఏడు ఒక మాస్టారు లోకంలో ఆకలికి కారణాలు రాయించారు. నోళ్ళు ఎక్కువ, నేల తక్కువ అని మొదలయ్యేది ఆ జవాబు. రాసిన వాళ్ళందరికీ మార్కులు వచ్చాయి. నాకూ వచ్చాయి. వ్యాను నడపడం మొదలుపెట్టాక ఆ జవాబు పట్టుకుని ఊళ్ళలో వెతికాను, ఎక్కడా సరిగ్గా అతకలేదు. పెద్దమ్మ పిల్లలు పస్తున్న ఏడు నేల తక్కువ కాలేదు, నోళ్ళు పెరగలేదు. తిండి పొలంలో పుట్టి, నోటి దాకా నడిచి రాలేకపోయింది. మధ్యలో తడి ఉంది, కారే కప్పు ఉంది, పురుగు ఉంది, లారీ రాని దారి ఉంది, భయపడి అమ్ముకోవడం ఉంది. వీటికి మార్కులు లేవు.

తొమ్మిదేళ్ళ కిందట సంఘం గిడ్డంగి కట్టుకుంది. నేల మీద నడుమెత్తు దిమ్మ, దాని మీద చెక్కలు, గోడకి మూరెడు ఎడంగా మూటల వరసలు. గుమ్మంలో ఎవరు కూర్చోవాలని అడిగితే, పెద్దమ్మ ఇంటి నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చుంది. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్క మూట బూజు పట్టలేదు. వానాకాలం మధ్యలో షావుకారు కొట్టు ముందు వరసలు లేవు. ఆవిడ పళ్ళ మీద ఊరు తిండి తింటోంది అంటే అతిశయోక్తి కాదు.

పోయిన కోతల్లో మళ్ళీ మబ్బు పట్టింది. మూడు రోజులు ఎండ, నాలుగు రోజులు ముసురు. జనం తెచ్చిన మూటలు కచ్‌మన్నాయి. పెద్దమ్మ అందరికీ ఒకటే మాట చెప్పింది: గింజ టక్‌మనాలి, ఎలా ఎండబెడతారో మీ ఇష్టం. ఊళ్ళో వాళ్ళు తెలివైనవాళ్ళు. చాలామంది నేల మీద పరదాలు ఎత్తేసి ఇంటి రేకుల మీద పోశారు. ఎండ వచ్చిన మూడు గంటల్లోనే అక్కడ చెయ్యి పెట్టలేం. ఇంకొందరు ఇటుకల బట్టీ చల్లారుతున్న నేల వెచ్చగా ఉందని అక్కడ పరిచారు. బట్టీకి మూటలు మోసింది నా వ్యానే. నలభై మూటలు. గొప్ప పని చేస్తున్నానని హారన్ కొట్టుకుంటూ వెళ్ళాను. అన్నీ తిరిగొచ్చి పెద్దమ్మ పంటి కింద టక్ టక్ టక్‌మన్నాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

తిండికి దాచిన మూటలకి ఏ నష్టమూ లేదు. విత్తనానికి దాచిన మూటలూ ఆ వేడిలోనే ఎండాయి.

ఆ సంగతి బయటపడటం చిత్రం. గిడ్డంగి కొళాయి పక్కన నీళ్ళు వృథా పోతున్నాయని పెద్దమ్మ ఒక గుప్పెడు విత్తనం నాటింది. ఎనిమిది రోజులైనా మొలక లేదు. ఎలుకలేమో అని తవ్వి చూసింది. పెట్టిన గింజ పెట్టినట్టే ఉబ్బి, వాసనేస్తూ ఉంది. అప్పుడు తడి గుడ్డలో వంద గింజలు చుట్టి, నీడన పెట్టి, ఆరో రోజు విప్పింది. ముప్పై ఎనిమిది మొలిచాయి. అది విప్పిన పొద్దునే ఈ తగువు.

“గింజ ఎండిందా అని అడిగాను గానీ బతికుందా అని అడగలేదురా,” అంది లోపల.

“గింజ గింజే కదక్కా.”

“అదే కదా మన తెలివి. తినేదీ గింజే, మొలిచేదీ గింజే. రెండింటికీ ఒకటే మాట పెట్టుకున్నాం, రెండింటికీ ఒకటే ఎండ పెట్టాం.”

తర్వాత తమ్ముడు బయటికి వచ్చి, నన్ను చూసి, ఎంత సేపటి నుంచి ఉన్నావు అన్నాడు. మొదటి నుంచీ అన్నాను. నోరు మూసుకో అన్నాడు. అవసరం లేదు, రేపు పొద్దున అందర్నీ పిలువు అంది వెనక నుంచి పెద్దమ్మ.

మర్నాడు పొద్దున గిడ్డంగి ముందు ఇంటికొకరు వచ్చారు. ఆవిడ నిలబడలేదు, స్టూలు మీదే కూర్చుని చెప్పింది. విత్తనం సగం చచ్చింది, వేడికి చచ్చింది, టక్‌మనిపించమని తరిమింది నేనే, తప్పు నాది. నాలుగు మాటలు. ఏడుపు లేదు, క్షమించమనడం లేదు. అప్పుడు ఇటుకల బట్టీ ఆయన గొంతు సవరించుకుని, “టక్కు అనే పేరు ఇన్నాళ్ళకి నిలబెట్టుకున్నావు,” అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. పెదనాన్న దబ్బనం ఆగింది. నేను ఆయన దబ్బనం ఆగడం చూసింది ఆ ఒక్కసారే.

పెద్దమ్మ స్టూలు ముందుకి జరుపుకుంది. “తిట్టేవాళ్ళు విత్తాక తిట్టండి, నేనెక్కడికీ పోను. ఇప్పుడు ఇంటికొక పాత గుడ్డ తీసుకురండి,” అంది.

ఆవిడ లెక్క సూటిగా ఉంది. అన్ని మూటలూ ఒకేలా చచ్చి ఉండవు. ఏది ఎంత బతికిందో తెలిస్తే, దాన్ని బట్టి ఏం చెయ్యాలో తెలుస్తుంది. సాయంత్రానికి వసారా నిండా గుడ్డలే. చిరిగిన దుప్పటి ముక్క, బడి చొక్కా వీపు, కిటికీ పరదా, ఎవరో పిల్లల పావడా. ఒక్కో గుడ్డ తడిపి, పది వరసల్లో పదేసి గింజలు పేర్చి, చుట్ట చుట్టి, తాడు కట్టి వరసగా పడుకోబెట్టారు. నూటపన్నెండు చుట్టలు. ఏ గుడ్డ ఎవరిదో చీటీ రాయక్కర్లేదు, ఎవరి చింకి వాళ్ళకి తెలుసు. పెద్దమ్మ పూట పూటకీ నీళ్ళు చిలకరించేది. మూడో రోజు తమ్ముడు ఎవరూ చూడటం లేదనుకుని తన చుట్ట మూల ఎత్తబోతే, తడి చేత్తో వేళ్ళ మీద ఒకటి వేసింది. సంఘం కార్యదర్శి చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆరో రోజు విప్పారు. ఎవరి గుడ్డ వాళ్ళు విప్పి, పైకి లెక్కపెట్టి, పెద్దమ్మకి చెప్పాలి. ముప్పై, నలభై నాలుగు, యాభై, ఇరవై తొమ్మిది. పరదాల మీద ఆరబెట్టిన వాళ్ళవి డెబ్భై, ఎనభై. రేకుల మీద పోసిన వాళ్ళవి సగం. బట్టీకి వెళ్ళినవి మరీ ఘోరం. తమ్ముడు తన గుడ్డ రెండుసార్లు లెక్కపెట్టి, “ఆరు,” అన్నాడు. గుడ్డ మడుస్తూ, “బట్టీలో కాల్చాను కదా, మిగతా తొంభై నాలుగుతో గోడ కట్టుకుంటాను,” అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆరు అంటే ఆ ఇంట్లో వచ్చే ఏడు ఏముంటుందో ఆవిడ తిని చూసింది.

చివరి గుడ్డ బద్ధకం బాబాయిది. ఆయన్ని ఊళ్ళో ఎవరూ వేరే పేరుతో పిలవగా వినలేదు. మూట ఇంకా తేలేదని పెద్దమ్మ ఆయన్ని నాలుగుసార్లు తిట్టింది. అందరూ రేకులెక్కి చెమటలు కక్కుతుంటే ఈయన అరుగు మీద పడుకుని మబ్బులు చూశాడు. అందరికన్నా పన్నెండు రోజులు ఆలస్యంగా తెచ్చి పెట్టాడు. ఆయన గుడ్డ విప్పి పక్కింటావిడ లెక్కపెట్టింది, ఆయన వంగడానికి ఇష్టపడలేదు కాబట్టి.

తొంభై ఆరు.

మళ్ళీ లెక్కపెట్టమంది పెద్దమ్మ. తొంభై ఆరే.

“ఎక్కడ ఎండబెట్టావు?”

“ఎండబెట్టలేదు వదినా. ఆ ఎండలో ఎవరు నిలబడతారు?”

గుచ్చి గుచ్చి అడిగితే తేలింది. ఒలవడానికి బద్ధకమేసి, ఆయన కండెల్ని పొట్టుతోనే జంటలుగా ముడేసి వంటింటి దూలానికి వేలాడదీశాడు. మామూలుగా అటక మీద పోసిన గింజకి పురుగు పడుతుంది. ఇవి కింద పొయ్యి పొగకి నెమ్మదిగా ఆరాయి, పురుగూ దగ్గరికి రాలేదు. పెద్దమ్మ నాలుగోసారి తిట్టినప్పుడు విసుగొచ్చి ఒక మూటకి సరిపడా ఒలిచి తెచ్చాడు. మిగతావి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

అప్పటికప్పుడు వ్యాను తీశాను. ఆ ఇంటి వంటగదిలో తలెత్తితే కప్పు కనిపించలేదు. పొగచూరిన దూలాల నిండా కండెలు, గబ్బిలాల్లా. దాదాపు పంటంతా అక్కడే ఉంది. తినడానికి కావలసినప్పుడు కావలసినన్ని కండెలు తెంపుకుంటాడట. పెద్దమ్మ ఒక కండె నుంచి గింజ ఊడదీసి అలవాటు కొద్దీ నోటి దాకా తీసుకెళ్ళింది. కొరకలేదు. కొంగున ముడేసుకుంది.

ఇచ్చిపుచ్చుకోవడం అక్కడే తేల్చారు. చచ్చిన విత్తనం విత్తనంగా చచ్చింది గానీ తిండికి నిక్షేపంగా ఉంది. కాబట్టి మూటకి మూట మార్పు. బాబాయి ఆ కండెలు ఇస్తాడు, అంత తిండి గింజ ఇంటికొచ్చి పడుతుంది, అదీ ఒలిచినది. బాబాయికి ఈ బేరం నచ్చింది. కానీ ఒక షరతు పెట్టాడు.

“ఇస్తాను గానీ వదినా, ఇకనుంచి నన్ను బద్ధకం అనకూడదు.”

పెద్దమ్మ ఆలోచించింది. “అది కుదరదు. కానీ ఇకనుంచి ఆ మాట గౌరవంగా అంటాను,” అంది.

రెండు రోజులు ఊరంతా ఆ ఇంట్లో కూర్చుని కండెలు ఒలిచింది. బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. బాబాయి అరుగు మీద నిద్రపోయాడు.

వానలు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి ఎవరెలా విత్తాలో గుడ్డ చెప్పేసింది. ఎనభైకి పైన మొలిచిన వాళ్ళు గుంటకి ఒకటి, యాభై నుంచి ఎనభై దాకా వచ్చిన వాళ్ళు గుంటకి రెండు. అంతకన్నా తక్కువ వచ్చిన వాళ్ళు తమ విత్తనాన్ని తిండిలో కలిపేసి, బాబాయి విత్తనం తీసుకున్నారు. అందరికీ పూర్తిగా సరిపోలేదు. తొమ్మిది కుటుంబాల చేలల్లో అంచులు ఖాళీగా మిగిలాయి. పెద్దమ్మ ఆ ఖాళీల్లో అలసందలు వేయించింది. ఇప్పుడు చూస్తే అలసంద పక్కనున్న మొక్కజొన్న మిగతా చేను కన్నా పచ్చగా ఉంది. వచ్చే ఏడు ఖాళీ లేకపోయినా అలసందలు వేస్తామంటున్నారు ఆ తొమ్మిది మందీ. తమ్ముడి చేను నా నడుం దాకా వచ్చింది. రోజూ పొద్దున గట్టు మీద నిలబడి దాన్ని చూసుకుంటాడు, ఎవరైనా వస్తే కాలువ చూస్తున్నట్టు నటిస్తాడు.

తిండి మూటలు ఎవరూ మోసుకుపోలేదు. తమ్ముడు భయపడింది జరగలేదు. ఎందుకు జరగలేదని నేను బట్టీ ఆయన్నే అడిగాను. “తప్పు చెప్పింది కదా. చెప్పకపోతే ఎవరికి తెలుసు?” అన్నాడు. తెలిసేది, వానలు పడ్డ పది రోజులకి చేలే చెప్పేవి అన్నాను. ఆయనకి నా మాట నచ్చలేదు. నా మాటలు చాలామందికి నచ్చవు.

గిడ్డంగి కూడా మారింది. చూరు పొడుగునా వెదురు బద్దలు కట్టారు, విత్తనం కండెలు పొట్టుతోనే అక్కడ నీడన వేలాడాలి. తిండి మూటలకి గుమ్మంలో పెద్దమ్మ పన్ను, విత్తనానికి తడి గుడ్డ. గింజ అని ఊరికే అంటే ఇప్పుడు ఒప్పుకోదు. తినే గింజా, మొలిచే గింజా అని అడుగుతుంది. పిల్లలు ఆవిడని ఆటపట్టించడానికి తింటున్న పేలాలు చూపించి, పెద్దమ్మా, ఇవి ఏ గింజలు అంటారు.

కోతలకి ఇంకా పది వారాలుంది. నిన్న కొళాయి దగ్గర వ్యాను కడుగుతుంటే పెద్దమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది. సంగతి చెప్పింది. వాగు అవతల నాలుగు ఊళ్ళలో గిడ్డంగులున్నాయి. గుమ్మంలో కూర్చునే వాళ్ళకి కొరకడం నేర్పింది ఈవిడే, ఒక్కో ఊళ్ళో రెండేసి రోజులుండి, గింజ టక్‌మనాలని చేత్తో తొడ మీద చరిచి మరీ చెప్పి వచ్చింది. అక్కడా అదే మాట, ఒకే మాట. రెండు ఊళ్ళలో ఈసారి మొలక పల్చగా ఉందని, విత్తనం మంచిది కాదనుకుంటున్నారని మొన్న సంతలో విన్నదట. వచ్చే కోతల్లోనూ రేకుల మీదే పోస్తారు.

ఎప్పుడు బయల్దేరాలి, డీజిల్ పోయించుకుంటాను అన్నాను.

“నిన్ను అడిగేది వ్యాను నడపమని కాదు,” అంది. “అక్కడ నువ్వే మాట్లాడాలి.”

తప్పు నీది, నోరు నాదెందుకు అన్నాను.

“నేను చెప్తే, అయ్యో పెద్దమ్మా, పోనీలే, నీ అంతటిదానివి ఎందుకు బాధపడతావు అంటారు. నన్ను ఓదార్చి పంపించేసి, మళ్ళీ రేకులెక్కుతారు. నీకు ఎవర్నీ ఓదార్చడం రాదు, నిన్ను ఓదార్చాలని ఎవరికీ అనిపించదు. నేను పక్కనే కూర్చుంటాను. నేను నేర్పింది తప్పని నా ఎదురుగా చెప్పు. నా ముఖం చూసి మెత్తగా మాత్రం చెప్పకు నాయనా.”